మా తాతయ్యని ఆపిన మాట

నా చిన్నప్పుడు మా తాతయ్యకి ఎదురుచెప్పే మనిషి మా ఊళ్లో ఒక్కరూ ఉండేవారు కాదు. అలాగని ఆయన కోపిష్టేమీ కాదు. పరంజా మేస్త్రీ. అల్లవరం చుట్టుపక్కల ఎక్కడ మేడ లేచినా, చర్చికి రంగులేసినా, పనివాళ్లు నిలబడే సరుగుడు బాదుల పరంజా ఆయనే కట్టాలి, పని అయ్యాక ఆయనే విప్పాలి. మనిషి పొడుగు, మాట తక్కువ. ఆయన వీధిలో వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. ఆయన వేలు పట్టుకుని నడిచే నేను ఆ మర్యాదలో సగం నాదే అనుకునేదాన్ని.

ఆ ఏడు మా చర్చికి గంట గోపురం కట్టారు. పని పూర్తయి, పరంజా విప్పడం మొదలైంది. ఎత్తేటప్పుడు బరువు మన మాట వింటుంది, దించేటప్పుడు మనమే దాని మాట వినాలి అనేవారు తాతయ్య. గోపురం పైన ముందువైపు ఒక కప్పీ, వెనకవైపు ఒక కప్పీ బిగించారు. పైనుంచి మా చిన్నాన్న బాదుల్ని కట్టగా కట్టి తాడుకి తగిలిస్తే, ఆ కట్ట చర్చి గుమ్మం ముందు దిగేది. తాడు రెండో కొస గోపురం వెనక్కి వచ్చి, అక్కడున్న కొబ్బరిచెట్టు మొదలుకి చుట్లు తిరిగి తాతయ్య చేతిలో ఉండేది. బరువు చెట్టు మోస్తుంటే ఆయన తాడుని కొంచెం కొంచెంగా వదిలేవారు. చిక్కల్లా ఒకటే. వెనకున్న ఆయనకి ముందు దిగుతున్న కట్ట కనపడదు. అందుకని రెండువైపులా కనపడేలా గోడ మూల ఒకరు నిలబడి, దించమనో ఆపమనో చెప్పాలి.

మొదటిరోజు పక్కింటి బావగారు నిలబడ్డారు. వీధికుక్కని అదిలించాలన్నా మర్యాదగా అదిలించే మనిషాయన. కట్ట విప్పుకోవడానికి కింద మా నాన్న ఉన్నారు. సగం దిగాక గాలికి కట్ట గిర్రున తిరిగి నాన్న వైపు వచ్చింది. బావగారు చూశారు. చూసి, "మేస్త్రీ గారండీ, మరేమీ అనుకోకుండా ఒక్క నిమిషం ఆపుతారేటండీ" అని మొదలుపెట్టారు. ఆ మాట పూర్తయ్యేసరికి కట్ట నాన్న భుజాన్ని గీరుకుంటూ నేలకి దిగిపోయింది. చొక్కా చిరిగి రక్తం కారింది. అదే తల మీద పడి ఉంటే ఏమయ్యేదో అందరికీ తెలుసు. చూస్తున్న మా అమ్మ పరుగెత్తుకొచ్చి గాయం మీద కొంగు అదిమింది.

తాతయ్య బావగారిని ఒక్క మాట అనలేదు. తాడుని చెట్టుకి ముడేసి, నన్ను ఆపగలిగే మనిషి దొరికేదాకా మళ్లీ తాడు ముట్టనని చెప్పి ఇంటికి వచ్చేశారు. సాయంత్రం ఊరి పెద్దలంతా మా ఇంటికొచ్చారు. అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు గారు, ఆయనే స్వయంగా వచ్చి బతిమాలారు. తాతయ్య అడిగింది ఒక్కటే. నా ఎదురుగా నిలబడి గట్టిగా 'ఆపు' అనండి చూద్దాం అన్నారు. పెద్దలు ఒకరినొకరు ముందుకి తోసుకున్నారు. ఒకాయన గుండెల నిండా ఊపిరి పీల్చుకుని "ఆపు" అన్నారు గానీ, ఆ వెంటనే నాలిక్కరుచుకుని "బాబ్బాబు, తప్పుగా అనుకోకండి" అని చేతులు జోడించారు. అందరూ నవ్వారు, తాతయ్య తప్ప.

మర్నాడు పొద్దున్నే ఆయన మా పెరట్లో మామిడికొమ్మకి చిన్న కప్పీ కట్టి, దాని కింద నీళ్ల గంగాళం పెట్టారు. తాడుకి ఒక బుట్ట కట్టి అందులో పూతరేకులు పెట్టారు. నాకు వాటి మీద ఎంత ఆశో ఆయనకి తెలుసు. నన్ను గంగాళం పక్కన నిలబెట్టి, తను గోడ వైపు తిరిగి, "రానివ్వనా?" అని అడిగారు. "ఆయ్" అన్నాను. బుట్ట నీళ్ల దాకా వచ్చేసింది. "తాతయ్యగారండీ, కొంచెం..." అనేలోపే మునిగింది. పూతరేకు నీళ్లలో పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. నేను ఏడుస్తుంటే ఆయన ఓదార్చకుండా ఇంకో పూతరేకు పెట్టారు. అదీ అలాగే పోయింది. ఆఖరిది దిగుతున్నప్పుడు నాకు తాతయ్యా గుర్తులేరు, మర్యాదా గుర్తులేదు. "ఆపు!" అని చెట్టు మీది కాకులు లేచిపోయేలా అరిచాను. నీళ్లకి బెత్తెడు పైన బుట్ట ఆగింది.

ఇకనుంచి గోడ మూల నిలబడేది నువ్వే అన్నారు తాతయ్య. పెద్దవాళ్లని అలా అంటే అమ్మ కొడుతుందన్నాను. "తాడు పట్టుకున్నంతసేపు నేను మీ తాతయ్యని కాదమ్మా, నీ చేతిని. నీ చేతికి నువ్వు అండీ అంటావేటి?" అన్నారు.

ఆడపిల్లకి ఇదేం పనని కొందరు గొణిగారు. తాతయ్య వెళ్లి తాడు పట్టుకున్నారు. నేను గోడ మూల నిలబడి దించు, ఆపు, దించు అంటుంటే కట్టలు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా దిగాయి. చూడ్డానికి సగం ఊరు వచ్చింది. ఆ మధ్యాహ్నం, అన్నిటికన్నా బరువైన కట్ట, పరంజా మీద నిలబడడానికి పరిచిన పలకలది, దిగుతుండగా చర్చి తలుపు తెరుచుకుంది. లోపల ప్రార్థనకి బల్లలు సర్దుతున్న అయ్యగారు మా సంగతి మరిచిపోయి బయటికి వచ్చేశారు. చూస్తున్నవాళ్లంతా ఒక్కసారిగా "అయ్యగారండీ!" అన్నారు. పిలిచినవాళ్లకి పలక్కుండా పోయే మనిషా ఆయన? "ఆయ్, చెప్పండి" అంటూ సరిగ్గా కట్ట కిందే ఆగిపోయారు.

"ఆపు!" అని అరిచాను. తాడు కిర్రుమంది. అయ్యగారి తలకి మూరెడు పైన కట్ట ఊగుతూ నిలబడింది. ఆయన ఇంకా మర్యాదగా ఎదురుచూస్తున్నారు. "అయ్యగారూ, లోపలికి పో!" అన్నాను. ఆయన పైకి చూసి, గబుక్కున లోపలికి పోయారు.

 నేను ఆ తలుపు వైపే చూస్తూ, దించు అనడమే మరిచిపోయాను. గోపురం వెనకున్న తాతయ్యకి ఇవేవీ కనపడవు. అయినా ఏమైందని అడగలేదు. నేను తేరుకుని మళ్లీ దించు అనేదాకా తాడు బిగబట్టి అలాగే నిలబడ్డారు. నన్ను అంతగా నమ్మిన మనిషి అంతకుముందు లేరు.

కట్ట నేలకి దిగాక అయ్యగారు వచ్చి నా ముందు తల వంచి, "పొమ్మన్నారు కదండీ, పోయేను" అన్నారు నవ్వుతూ. తాతయ్య మాత్రం అంతా విన్నాక నన్ను భుజాల మీదకి ఎత్తుకుని ఊరంతా తిప్పారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి, సఖినేటిపల్లి రేవులో గోదారి దాటడానికి పంటు ఎక్కినా, రావులపాలెంలో బస్సు కోసం నిలబడినా, పలకరించినవాళ్లకల్లా నన్ను చూపించి, "మా మనవరాలండి. నన్ను ఆపింది" అని చెప్పేవారు. అంత తక్కువ మాట్లాడే ఆయన ఈ మాట చెప్పడానికి మాత్రం ఎప్పుడూ అలిసిపోలేదు.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. నా కింద కొత్తగా చేరిన ప్రతి అమ్మాయినీ మొదటిరోజే ఎదురుగా నిలబెట్టి, నా మొహం మీద 'ఆపు' అనిపించేదాన్ని. సిగ్గుపడేవారు, నవ్వేవారు, "మిమ్మల్ని ఎలా అంటామండీ" అని గునిసేవారు. సరిగ్గా అనేదాకా వదిలేదాన్ని కాదు. నేను కూడా పెద్ద పెద్ద డాక్టర్లకి అవసరమైనచోట చెయ్యి అడ్డం పెట్టాను. కొందరు మండిపడ్డారు, కొందరు ఆగి విన్నారు. ఆగినవాళ్లనే నేను పెద్దవాళ్ల కింద లెక్కేసుకున్నాను.

ఉద్యోగంలో నాకు సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు. అవన్నీ బీరువాలో ఎక్కడో ఉన్నాయి. నీ బతుకులో గొప్ప సంగతేమిటని మనవలు అడిగితే నేను వాటిని తియ్యను. ఊరంతా లేచి నిలబడే మా తాతయ్య, ఎందుకని కూడా అడక్కుండా, నా ఒక్క మాటకి ఆగారని చెబుతాను.