నా వైపు గోంగూర

మా ఊరు ఫాటిక్‌లో యాందే అక్క నోటికి భయపడని మనిషి లేడు. ఆవిడ నా సవతి. నేను రెండో భార్యగా వచ్చి మొదటిసారి వండిన రోజున నా గోంగూర ముద్ద వేలితో తీసి నాకి చూసి, "ఈ పులుపుకి గాడిద కూడా మొహం తిప్పుకుంటుంది" అంది. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ కచ్చతోనే నా వంట వంతు వచ్చినప్పుడల్లా ఇంకాస్త పుల్లగా చేసి నా ముందే పెట్టుకునేదాన్ని.

ఇంటిల్లిపాదీ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తింటాం. ఎవరి ముందున్నది వాళ్లే తినాలి. పక్కవాళ్ల వైపు చెయ్యి చాపిన పిల్లల వేళ్ల మీద అక్క గరిటెతో ఒక్కటిచ్చేది.

అలాంటి మనిషికి రొమ్ము కాన్సర్ వచ్చింది. రాజధాని డాకర్‌లో మందు ఎక్కించడం మొదలయ్యాక నోటికి రుచి పోయింది. ఏది తిన్నా ఇనుము నాకినట్టుందనేది. అయినా తన వంతు వంట మాత్రం నాకు వదల్లేదు. తెలియక ఉప్పు రెండుసార్లు వేసేది. మేం నీళ్లు తాగుతూ తినేవాళ్లం. ఆవిడ నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది. ఇంకా చిక్కిపోతే మందు ఆపాల్సొస్తుందన్నాడు డాక్టరు. ఇనుము తగలకుండా చెక్క చెంచా ఇచ్చాం, అన్నం చల్లార్చి పెట్టాం, లాభం లేకపోయింది. ఆవిడ లేని ఇంట్లో నేనెవరితో పోట్లాడాలి?

ఓ మధ్యాహ్నం, నా వంతు నాడు, చేపల అన్నం చుట్టూ కూర్చున్నాం. అక్క చెయ్యి మెల్లగా పళ్లెం దాటి నా వైపు వచ్చింది. ఇంత గోంగూర తీసుకుని నోట్లో పెట్టుకుంది. పిల్లలు నమలడం మానేశారు. ఆ చెయ్యి మళ్లీ వచ్చింది.

"నానమ్మా, అది చిన్న నానమ్మ వైపు," అంది మనవరాలు సిరా.

"తెలుసులేవే, తిను." ఆ తర్వాత నా మొహం చూడకుండానే నాతో అంది, "దిబోర్, రేపు నా వంట కూడా నువ్వే చెయ్యి. ఇదే చెయ్యి."

నోట్లో పుండ్లు లేవు కాబట్టి పులుపు తినొచ్చంది నర్సు. ఆ పులుపొక్కటే ఆవిడ నాలుకకి తెలిసేది, ఇక రోజూ గోంగూరే. పళ్లు పులిసిపోయినా మా ఆయన వాలీ అదే తిన్నాడు. అక్క తింది, మందు ఆగలేదు.

వైద్యం ముగిసిన కొన్నాళ్లకి, అలవాటుగా నా వైపు నుంచి ముద్ద తీసుకుని, మొహం చిట్లించింది.

"ఈ పులుపుకి గాడిద కూడా మొహం తిప్పుకుంటుంది."

ఎంగిలి చేత్తోనే ఆవిడని కావలించుకుని భోరుమన్నాను. "వదులు, బట్టలకి నూనె అంటుతుంది" అని కసిరింది. కసురుతూనే మళ్లీ నా వైపు చెయ్యి చాపింది.