పసుపు గీత తెగిన చక్రం

మా ఆడబిడ్డను తొలి కాన్పుకు తీసుకురావడానికి మేము బిజినేపల్లికి సొంత కారులో వెళ్ళాం. సొంత కారు అని రాస్తుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. గద్వాలలో మాది మగ్గాల ఇల్లు. నేసిన చీరలను వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాలకు బస్సుల్లో మోసి మోసి విసిగిన మా ఆయన, ఎవరో వదిలించుకుంటున్న పాత అంబాసిడర్‌ను తెచ్చి వాకిట్లో నిలబెట్టారు. దాని తలుపు ఒకటి లోపలి నుంచే తెరుచుకునేది, ఇంకొకటి బయటి నుంచే. అయినా దేవుడే మా గడప దాకా నడిపించి తెచ్చిన బండి కదా అని శుక్రవారం పూట దానికీ ఒక అగరువత్తి చూపించేదాన్ని.

ఆడబిడ్డకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు కడుపు పండింది. అంతకుముందు ఒకసారి నిలిచినట్టే నిలిచి పోయింది. అందుకే ఈసారి ఆమెను బస్సు కుదుపుల్లో తేకూడదని అత్తమ్మ పట్టుపట్టింది.

ప్రయాణం ముందు రోజు మా ఆయన కారును పెళ్ళికొడుకును చేశారు. చక్రాల మీద ఉండాల్సిన మూతలు ఎప్పుడో ఊడిపోయాయి. తుప్పు కనబడకూడదని చక్రాలన్నీ విప్పి వెండిరంగు దట్టంగా పూశారు. నట్లు కూర్చునే చోటు కూడా వదల్లేదు. ఆరీ ఆరకముందే మళ్ళీ ఎక్కించి, పానా పట్టుకుని బిగించారు.

"గట్టిగ బిగించినవా కొడుకా?" అంది అత్తమ్మ.

"బిగువు సంగతి నాకు చెప్తవా అవ్వా? పడుగు ఎంత లాగాల్నో తెల్వనోన్నా? ఎక్కువ లాగితే తెగుతది."

పుట్టిన దగ్గర నుంచీ నూలు పోగులతో బతికిన చెయ్యి అది. పోగు తెగుతుందేమోనన్న భయం వేళ్ళల్లోనే ఉండేది. ఇనుము దగ్గర కూడా ఆ వేళ్ళు అలాగే మెత్తగా ఆగిపోయాయి.

పూజ నా వంతు. గడపకు రాసినట్టే ప్రతి నట్టు మీద నుంచి చక్రం రేకు మీదికి బొటనవేలితో పసుపు గీత లాగి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టాను. నిమ్మకాయలు తొక్కించి, పొద్దున్నే బయలుదేరాం.

పోయేటప్పుడే ఎక్కడో టక్కు టక్కుమంది. డిక్కీలో ఇత్తడి బిందె, అరిసెల డబ్బాలు ఉన్నాయి.

"అవ్వా, నీ బిందె ఊకుంటలేదు."

"బిందెకు బట్ట సుట్టిన. నీ కారే పండ్లు కొరుకుతుంది."

అందరం నవ్వుకుంటూనే బిజినేపల్లి చేరాం. వాళ్ళు కడుపునిండా అన్నం పెట్టారు. ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసి, బొట్టు పెట్టి సాగనంపారు. వచ్చేటప్పుడు ఆమెను వెనక సీటులో నాకూ అత్తమ్మకూ మధ్య కూర్చోబెట్టుకున్నాం. ఆమె పొట్ట మీద చెయ్యి ఆన్చుకుని, పుట్టింటికి పోగానే ఏమేమి తినాలో చెబుతూ ఉంది. వనపర్తి దాటాం. పెబ్బేరు ఇంకా రాకముందే ఆ చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి టక్కు టక్కు కాదు, దడ్ దడ్‌మని నా కాళ్ళ కింద నుంచే తన్నుతోంది.

"ఇగో, జర ఆపుండ్రి" అన్నాను మా ఆయనతో.

"బిందె చప్పుడే అది."

"బిందెను వాళ్ళింట్ల ఇచ్చొచ్చినం గద! డిక్కీల ఏమున్నది ఇప్పుడు?"

"అయితే తోవ మంచిగ లేదు."

"తోవదైతే గుంతకొకపారి రావాలె. ఇది మీరు మెల్లగ పోతే మెల్లగ కొడుతుంది, జోరుగ పోతే జోరుగ కొడుతుంది. చక్రంతోనే తిరుగుతుంది."

మా నాయన మగ్గం నేస్తూ పక్కన కూర్చోబెట్టుకుని నాకు అక్షరాలు నేర్పాడు. నా చదువంతా ఆ చప్పుళ్ళ మధ్యనే సాగింది. ఏ చప్పుడు ఏ చెక్కది అని అడగకుండానే తెలిసిపోయే ఇల్లు మాది.

మా ఆయన వేగం తగ్గించబోయారు. అత్తమ్మ ముందుకు వంగి ఆయన భుజం పట్టుకుంది.

"ఆపకు కొడుకా. కడుపుతోటున్న ఆడపిల్లను తోలుకపోయేటప్పుడు ఏరు దాటేదాంక ఆపొద్దు. పోయినపారి బస్సు తోవల ఆగింది. యాదికి లేదా?"

ఆ మాటతో ఆడబిడ్డ వేళ్ళు నా మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి. ఆమె భయమంతా ఆ పట్టులో తెలిసింది. గొంతులో మాత్రం నవ్వే ఉంది.

"అవ్వా, కడుపుల ఉన్నోళ్ళు గూడ అడుగుతుండ్రు, గీ చప్పుడేందని."

నేను అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాను. "అత్తమ్మా, దేవుడు గింత చప్పుడు జేసి చెప్తుండు. మనం ఇనకుంటే ఆయన ఇంకెట్ల చెప్పాలె?"

అత్తమ్మ కాసేపు పెదవులు కదిలిస్తూ ఏదో జపించుకుంది. తర్వాత "ఆపు" అంది.

దిగి చూశాం. మూడు చక్రాల మీద నా పసుపు గీతలు దుమ్ము పట్టినా నిటారుగానే ఉన్నాయి. నేను కూర్చున్న వైపు వెనక చక్రం మీద ఒక్క గీత కూడా సరిగా లేదు. కింది సగం రేకు మీద ఉంది, పై సగం నట్టుతో పాటు పక్కకు తిరిగిపోయింది. కుంకుమ బొట్లు రెండు ముక్కలయ్యాయి. నట్ల చుట్టూ వెండిరంగు పొట్టులా లేచి, లోపలి ఇనుము నల్లగా మెరుస్తోంది. ఒక నట్టును పట్టుకుంటే వేళ్ళతోనే తిరిగింది. మా ఆయన రోడ్డు పక్కన మట్టిలో అలాగే కూలబడ్డారు.

"ఇంకొంచెం పోతే..." అన్నారు.

"పోలేదు గద" అన్నాను.

అయిజ నుంచి పల్లికాయ వేసుకుని వస్తున్న లారీ ఒకటి మమ్మల్ని చూసి ఆగింది. డ్రైవరు దిగి చక్రం చూశాడు, గీతలు చూశాడు, మా ఆయన ముఖం చూశాడు.

"ఏంది అన్నా, చక్రానికి పెండ్లి జేసినవా? పసుపు పెట్టినవు, బొట్టు పెట్టినవు, మూడు ముళ్ళేసుడు మాత్రం మర్సిపోయినవు!"

ముందు ఆడబిడ్డే నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు చూసి అత్తమ్మా నవ్వింది. నేలమీద కూర్చున్న మా ఆయన కూడా తల గోక్కుంటూ నవ్వారు.

డ్రైవరు ఆడబిడ్డను తుమ్మచెట్టు నీడకు పంపించాడు. మిగతా చక్రాల కింద రాళ్ళు పెట్టించి, జాకీ ఎత్తి నట్లన్నీ విప్పాడు. బోల్టుల మరలు అరగలేదని, రంధ్రాలు సాగిపోలేదని వేలు పెట్టి చూసి, "దేవుడున్నడు అక్కా" అన్నాడు. నట్టు కింద రంగు దట్టంగా ఉంటే అది నలిగి ఊడిపోతుందని, అప్పుడు ఎంత బిగించినా వదులవుతుందని చెబుతూనే ఆ చోట్లలో రంగంతా గీకించాడు. గోనెపట్టతో తుడిపించాడు. ముందు నట్లన్నీ చేత్తోనే మరల్లోకి సరిగ్గా దింపాడు. తర్వాత పానాతో బిగించేటప్పుడు మాత్రం వరసగా పోలేదు. ఒకటి విడిచి ఒకటి, మళ్ళీ ఒకటి విడిచి ఒకటి. పక్కన నిలబడి చూస్తుంటే, వాకిట్లో చెయ్యెత్తకుండా నక్షత్రం ముగ్గు వేసినట్టే ఉంది.

"ఇట్లయితే చక్రం సమంగ కూసుంటది. వరసగ బిగిస్తే ఒక దిక్కు ఒరుగుతది" అన్నాడు.

చివరి బిగింపు కారును నేలకు దించాకే. పానా మా ఆయన చేతికిచ్చాడు.

"మెల్లగ గాదన్నా. ఇది పోగు గాదు, తెగది. నీ బరువంతా ఎయ్యి."

మా ఆయన పానా మీద ఒరిగి ఊగారు. మిగతా మూడు చక్రాలకూ అలాగే చేయించాడు. ఆలోగా అత్తమ్మ లారీ దగ్గరికి పోయి ఒళ్ళో పల్లికాయ పోయించుకుని వచ్చింది. తోవలో ఆగొద్దన్న అత్తమ్మే చెట్టు కింద చతికిలబడి, ఒలిచి ఒలిచి కూతురి నోట్లో పెట్టింది.

"ఇంక చాలవ్వా."

"నీకు గాదు, ఆమెకు." ఆడపిల్లే అని అప్పుడే తేల్చేసింది.

పోయే ముందు డ్రైవరు, కొంత దూరం పోయాక మళ్ళీ ఆపి బిగించి చూసుకోమని చెప్పాడు. నేను పాత పసుపంతా తుడిచి కొత్త గీతలు లాగాను. ఈసారి పూజకూ, కాపలాకూ కలిపి లాగాను.

బీచుపల్లి దగ్గర, కృష్ణ కనబడగానే, మా ఆయన కన్నా ముందు అత్తమ్మే అరిచింది. "ఆపు కొడుకా! నట్లు సూడు!" ఆయన దిగి పానా వేస్తే అవి ఇంకాస్త తిరిగి కూర్చున్నాయి. తర్వాత గీతలు కదిలాయేమో చూడడం నా వంతని, కదలకపోయినా ప్రయాణానికి ముందు పానా వేయడం ఆయన వంతని మాట అనుకున్నాం. కారు మా ఇంట ఉన్నన్నాళ్ళూ ఆ మాట తప్పలేదు.

వంతెన మీద చప్పుడే లేదు. ఇంజను చప్పుడు, ఏటి గాలి, ఆడబిడ్డ గురక. ఆమె తల నా భుజం మీద ఉంది. ఇటిక్యాల దిక్కు పొలాల మీద పొద్దు వాలుతుంటే నేను కదలకుండా కూర్చుని, తెలిసిన నామాలన్నీ మనసులోనే చెప్పుకున్నాను. ఇంటి ముందు హారతి వెలిగించి పిలిచాకే ఆమె కళ్ళు తెరిచింది.

"అప్పుడే వచ్చినమా వదినా?" అంది. తెరుచుకోని తలుపు వైపు ఒకసారి, తెరుచుకునే వైపు ఒకసారి చూసి, నా చెయ్యి ఊతగా పట్టుకుని దిగింది. ఆ రోజు ఆ ఇద్దరి బరువూ నా చేతి మీద పడింది. అంతకన్నా హాయైన బరువును నేను మళ్ళీ మోయలేదు.