మామగారి నంబరు

శివకాశిలో మాడసాములకు కొరత లేదు. సోడా మాడసామి ఉన్నాడు, లారీ మాడసామి ఉన్నాడు, అగ్గిపెట్టెల మాడసామి ఉన్నాడు. వాళ్ళ నుంచి వేరుచేయడానికి నన్ను కంప్యూటర్ మాడసామి అంటారు. ఇందులో బిరుదు ఛాయలేమైనా కనిపిస్తే అది చదువరి మంచితనం.

నేను ఈ విద్యలోకి వచ్చిన వైనమూ ఘనమైనదేమీ కాదు. టైపు పరీక్ష లోయరు ఒకసారి, హయ్యరు మూడుసార్లు రాసి, క్యాలెండర్ల ప్రెస్సులో బిల్లులు కొట్టే పనిలో చేరాను. ఇరవై మూడేళ్ళ కిందట ప్రెస్సుకు మొదటి కంప్యూటరు వచ్చింది. దానికి గంధం పూసి, కర్పూరం వెలిగించి, తర్వాత ఏం చేయాలో తెలియక అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. హారతి కళ్ళకద్దుకోబోతుంటే నా మోచెయ్యి ఒక మీటకు తగిలింది. తెర వెలిగింది. "వీడికి తెలుసు" అన్నారు పెద్ద యజమాని. ఆనాటి నుంచి ఆ భవనంలో వెలగని ప్రతి దీపానికీ నేనే జవాబుదారీని.

ఆ పెద్ద యజమాని పేరు ధనుష్కోటి నాడార్. నేనిలా నిర్మొహమాటంగా రాశాను గానీ మా ప్రెస్సులో ఆ పేరు ఎవరూ నోటితో అనరు. కొడుకు, ఇప్పటి యజమాని రత్నవేల్ అణ్ణాచ్చి (మా వైపు అన్నగారిని అలా అంటారు) 'నాన్న' అంటాడు. ఆయన భార్య, బిల్లుల విభాగం నడిపే రాజకని అక్క 'మామగారు' అంటుంది. అచ్చుకు ప్లేట్లు తయారుచేసే గదిలో ముప్ఫయ్యేళ్ళుగా పనిచేస్తున్న గోమతినాయగం అన్న 'పెద్దయ్య' అంటాడు.

ఆయన పోయిన మరుసటి ఏడాది, సంవత్సరీకం నాడే, డిజైన్లన్నీ ఒకచోట దాచే పెద్ద సర్వరు కొన్నాం. దానికో పేరు పెట్టాలి. యజమాని మెప్పు పొందాలన్న దుగ్ధ నాలో ఎప్పుడూ పుష్కలంగా ఉండేది. 'ధనుష్కోటి' అని పెట్టాను. అణ్ణాచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి. నా జీతం కూడా ఆ నెలలో కొద్దిగా చెమ్మగిల్లింది.

చిక్కు మర్నాడు మొదలైంది. రాజకని అక్క తెర మీద ఆ పేరు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మామగారి పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు పొడవమంటావా?"

"అది మిషనక్కా."

"పేరు ఆయనదేగా. నేను పొడవను."

గోమతినాయగం అన్నా అంతే. పెద్దయ్యను కొట్టి తెరవలేనన్నాడు. అప్పుడు నాకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. నా జీవితంలో మహత్తరమైన ఆలోచనలు వచ్చిన రోజులన్నీ గుర్తు పెట్టుకుని ఆ రోజుల్లో సెలవు పెట్టి ఉంటే ప్రెస్సు ఇంకా బాగుపడేది.

కంప్యూటర్లు ఒకదాన్నొకటి పేర్లతో గుర్తుపట్టవు, నంబర్లతో గుర్తుపడతాయి. పేర్లు మన సుఖం కోసం. ఏ పేరుకు ఏ నంబరో ఎవరో ఒకరు చూసి చెప్పాలి. సాధారణంగా ఆ పని రౌటరు చేస్తుంది. ఊరందరి ఇళ్ళూ తెలిసిన పోస్ట్‌మన్ లాంటిది. కానీ ఏ మిషనులోనైనా ఒక చిన్న చీటీ రాసి దాచుకోవచ్చు. చీటీ ఉంటే మిషను పోస్ట్‌మన్‌ను అడగదు, దాన్నే నమ్ముతుంది. సర్వరు నంబరు పది. రాజకని అక్క మిషనులో 'మామగారు అంటే పది' అని రాశాను. అణ్ణాచ్చి మిషనులో 'నాన్న అంటే పది.' ప్లేట్ల గదిలో 'పెద్దయ్య అంటే పది.' డిజైన్లు వేసే అణ్ణాచ్చి మేనల్లుడి మిషనులో 'తాత అంటే పది.' ఇలా ఎనిమిది మిషన్లలో, ఎవరి వరసకు తగ్గ చీటీ వారికి. అందరూ మెచ్చుకున్నారు. ఏ మిషనులో ఏం రాశానో ఎక్కడా రాసుకోలేదు. అంత తెలివైన పని ఎలా మర్చిపోతాననుకున్నాను. రెండో నెలకే మర్చిపోయాను.

పదకొండేళ్ళు గడిచాయి. మొన్న ఆషాఢంలో ఒక శనివారం పిడుగుపడి పాత రౌటరు కాలిపోయింది. ఆదివారం ఒకాయన వచ్చి కొత్తది బిగించాడు. పక్కనే నిలబడి, ఆయనతో పాటు టీ తాగి, అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టింది నేనే. సోమవారం పొద్దున పదింటికి గోమతినాయగం అన్న కబురు పంపాడు: పెద్దయ్య తెరుచుకోవడం లేదు.

మర్నాడే ఆడి పద్దెనిమిది, తమిళుల ఆడి మాసపు పండగ. ఆ ఉదయం కొత్త సంవత్సరం క్యాలెండర్ల ఆల్బం అమ్మవారి ముందు పెట్టి పూజ చేయాలి. ఆ తర్వాతే ఏజెంట్లు దాన్ని తిప్పి చూసి ఆర్డర్లిస్తారు. ఆల్బం లేని ప్రెస్సుకు ఆ ఏడాది లేనట్టే. ఇంకా పన్నెండు డిజైన్లకు ప్లేట్లు వేయాలి. పన్నెండూ సర్వరులో ఉన్నాయి.

అణ్ణాచ్చి అరిచే మనిషి కాదు. అదే భయం.

"మాడసామి, ఐదింటికల్లా ప్లేట్లు మిషనెక్కాలి. మదురైలో కంప్యూటర్లు బాగుచేసే కంపెనీ వాళ్ళకి ఫోన్ చేశా. ఒంటిగంటన్నరకి బయల్దేరతామన్నారు. వాళ్ళొచ్చి బాగుచేస్తే ఇకనించి ఏడాది కాంట్రాక్టు వాళ్ళకే. నువ్వు ఇంట్లో విశ్రాంతి తీసుకోవచ్చు."

నా వయసు యాభై రెండు. ఈ వయసులో విశ్రాంతి అనే మాట యజమాని నోట వినడం ఆరోగ్యానికి మంచిది కాదు.

నిపుణుడు మొదట ఏంచేస్తాడో అదే చేశాను: అన్నీ ఆపి మళ్ళీ వెలిగించాను. ఫలితం లేదు. తర్వాత ఆజ్ఞలు టైపు చేసే నల్లతెర తెరిచి, 'పెద్దయ్య'ను పిలిచి చూశాను. పిలిస్తే అవతలి మిషను పలుకుతుందో లేదో చెప్పే పరీక్ష అది. నాలుగుసార్లు పిలిస్తే నాలుగుసార్లూ పలికింది. రాజకని అక్క మిషను నుంచి 'మామగారి'ని పిలిచాను. పలికారు.

"సర్వరు నిక్షేపంగా ఉంది. లోపం ప్లేట్ల గదిలోనే" అని నడవాలో నిలబడి తీర్పు చెప్పాను.

తీర్పును అమలు చేయడంలో గంటన్నర గడిచింది. ప్లేట్ల గది తీగ మార్చాను. తీగలు కలిసే పెట్టె మార్చాను. మార్చినవి పనిచేయకపోయేసరికి పాతవే మళ్ళీ బిగించి, ఏదో సాధించినట్టు చేతులు దులుపుకున్నాను. గోమతినాయగం అన్న స్టూలు మీద కూచుని తమలపాకు నములుతూ చూస్తున్నాడు.

"ఏమయ్యా, లోపం నా గదిలోనే అంటావా?"

"పెద్దయ్య పలుకుతున్నాడన్నా. ఇదిగో చూడు, నాలుగుసార్లు."

"ఏమని పలికాడు?"

"ఏమనీ అనదన్నా. ఉన్నానంటుంది, అంతే."

ఆయన ఆకు రసం మింగి, తాపీగా అన్నాడు. "చీకట్లో తలుపు తట్టావు. లోపలెవరో దగ్గారు. దగ్గింది పెద్దయ్యేనని నీకెవరు చెప్పారు?"

ఈయన టైపు లోయరు కూడా పాసవలేదు.

సర్వరు గదికి పరుగెత్తాను. మా నడవాలో నేను పరుగెత్తడం చూసి ఇద్దరు బైండింగు ఆడవాళ్ళు అగ్నిప్రమాదమనుకుని బయటికి వెళ్ళిపోయారు. సర్వరు తెర మీద దాని నంబరు చూశాను: ఇరవై మూడు. కొత్త రౌటరు వచ్చీ రాగానే అందరికీ తన ఇష్టం వచ్చిన నంబర్లు పంచిపెట్టింది. మరి పది ఎవరికిచ్చింది? ఆ నంబరు కొట్టి చూస్తే ఒక పేజీ తెరుచుకుంది. గుమ్మం పక్కన వేలిముద్ర తీసుకునే హాజరు మిషను. అందులో ఆ రోజు వచ్చినవారి పట్టిక ఉంది. నా పేరుకెదురుగా 'ఆలస్యం' అని ఉంది.

పొద్దుటినుంచి మామగారూ, నాన్నగారూ, పెద్దయ్యా అని మేమందరం భక్తితో పిలిచింది దాన్ని. అది కూడా మర్యాదగా పలికింది. ఎవరు రాసిన చీటీలు పట్టుకుని అక్కడికి వెళ్ళామో అప్పుడు గుర్తొచ్చింది.

ప్లేట్ల గది చీటీలో పది కొట్టేసి ఇరవై మూడు రాశాను. అర నిమిషం పని. పెద్దయ్య తెరుచుకున్నాడు. ఒంటిగంటా పది నిమిషాలకు మొదటి ప్లేటు దిగింది. అణ్ణాచ్చి వచ్చి ప్లేటు వెలుతురుకు పట్టి చూసి, "బతికించావు" అని, మదురై వాళ్ళను ఆపడానికి ఫోను తీశాడు.

ఇక్కడ కథ ఆపితే నేను వీరుణ్ణి. మిగిలిన ఏడు చీటీలు సాయంత్రం లోపు గుట్టుగా దిద్దుకోవచ్చు. అలాగే చేసేవాణ్ణి. కానీ ఆ రాత్రి మళ్ళీ ఉరుముల వాన అన్నారు, కరెంటు పోయి వస్తే రౌటరు మళ్ళీ నంబర్లు పంచవచ్చు. మర్నాడు ఏజెంట్ల ముందు మామగారు ఇంకెక్కడో తేలవచ్చు. నన్ను నిజం వైపు తోసింది నిజాయితీ కాదు, వాతావరణ సూచన.

"అణ్ణాచ్చి, ఫోను చెయ్యకముందు ఒక మాట. తప్పు పిడుగుది కాదు, నాది." అంతా చెప్పాను. ఈలోగా రాజకని అక్క కూడా వచ్చి గోమతినాయగం అన్న పక్కన నిలబడింది.

"ఎన్ని మిషన్లలో రాశావు?" అన్నాడు అణ్ణాచ్చి.

"ఎనిమిది."

"ఎక్కడైనా నోటు చేసుకున్నావా?"

"గుర్తుంటుందనుకున్నా."

"గుర్తుందా?"

"పదినించి ఒంటిగంట దాకా లేదు."

ఆయన ఫోను వైపు చూసి, నా వైపు చూశాడు.

"ఇప్పుడు సరిగ్గా చెయ్యాలంటే ఏం చెయ్యాలి?" అంది అక్క.

"చీటీలన్నీ చింపెయ్యాలక్కా. సర్వరుకి నంబరు కదలకుండా కట్టెయ్యాలి. పేరొకటే ఉండాలి, అది రౌటరుకే తెలియాలి. అందరూ ఆ పేరుతోనే పిలవాలి. అంటే, ధనుష్కోటి..."

ముగ్గురూ గుడిలో ఈల వేసినవాణ్ణి చూసినట్టు చూశారు.

"లేదా పేరు మార్చాలి" అన్నాను.

"నాన్న పేరు తీసేస్తావా?" అన్నాడు అణ్ణాచ్చి. గొంతు బాగా తగ్గింది. మదురై కారు బయల్దేరిన చప్పుడు నాకు అక్కడికే వినిపించింది.

"తీసెయ్యమనండి" అంది అక్క. "పదకొండేళ్ళుగా వింటున్నా. మామగారు వేడెక్కారు, ఫ్యాను పెట్టండంటారు. మామగారు బిగుసుకుపోయారు, ఆపి మళ్ళీ వెయ్యండంటారు. మొన్న మన మేనల్లుడు తాత నిండిపోయాడు, పాత సరుకు ఊడ్చెయ్యాలన్నాడు. ఆయన బతికుండగా ఒక్కడన్నాడా ఈ మాటలు?"

అణ్ణాచ్చి ప్లేటు అంచు నిమిరాడు. "అయితే మారియమ్మ పేరు పెడదాం."

"వద్దు. ఆగిపోయినప్పుడల్లా అందరూ దాన్ని తిడతారు. అమ్మవారిని తిట్టిస్తారా? ఎంత తిట్టినా పాపం తగలని పేరు కావాలి."

ముగ్గురి చూపులూ నెమ్మదిగా నా మీద వాలాయి.

"మాడసామి కూడా దేవుడేనక్కా" అన్నాను, నీరసంగా.

"నువ్వు కాదుగా."

అణ్ణాచ్చి ఫోను చెవికి పెట్టుకున్నాడు. "అయ్యా, రావద్దు. మా మనిషే బాగుచేశాడు... ఆ, పాడుచేసింది కూడా వాడే. అందుకే వదల్లేకపోతున్నాం. ఇంకెక్కడేం రాసిపెట్టాడో వాడికి తప్ప ఎవరికీ తెలీదు."

ఆ సాయంత్రమే రాజకని అక్క నాకో నోటుపుస్తకం ఇచ్చింది. నేను ఏ మిషనులో ఏం మార్చినా అందులో రాసి, ఆమెకు చూపించి సంతకం పెట్టించుకోవాలి. ఇరవై మూడేళ్ళ నిపుణుడికి హోంవర్కు.

పూజకు ఆల్బం అందింది. ఏజెంట్లు పేజీలు తిప్పుతూ, పానకం తాగుతూ, ధర ఎక్కువంటూ ఆర్డర్లు రాయిస్తున్నారు. నేను గుమ్మం దగ్గర తెల్లచొక్కా వేసుకుని, జరిగినదానికంతటికీ కారకుణ్ణన్నట్టు నిలబడ్డాను. అది నిజమే కూడా. ఇంతలో మేడ మీదినుంచి గోమతినాయగం అన్న కేక వినిపించింది.

"మాడసామి పొద్దుటినించీ ఈడుస్తున్నాడు. ఎవరైనా వాడి నెత్తిన ఒకటి కొట్టి లేపండి."

"ఇక్కడే ఉన్నానన్నా" అన్నాను.

"నువ్వు కాదయ్యా. పనిచేసేవాడు."