గట్టు దగ్గర ఆగే వేలు

ఆ క్లాక్ బఫర్‌ను ఎంచుకున్నది నేనే. ఆ రోజు మీటింగులో ఈ ఒక్క మాట నేను చెప్పలేదు.

శ్రీకాకుళంలో మా చిన్న కంపెనీ వేట పడవలకు దారి చూపే పరికరాలు తయారుచేసేది. వాటిలో చిప్పులన్నీ ఒకే లయలో నడిచేలా తాళం వేసే సిగ్నల్‌ను అందించే భాగమే క్లాక్ బఫర్. నా సీనియర్‌ను నేను అక్కా అనేవాణ్ణి. వరి పండించే ఇంటి మనిషి. ఏ సర్క్యూట్ బొమ్మ ఇచ్చినా తీగ వెంట వేలు నడిపేది. వోల్టేజి మారేచోట ఆ వేలు ఆగిపోయేది.

"ఒరే తమ్ముడా, ఇక్కడ గట్టున్నాది. ఎగువ మడిలో నీరు దిగువకి అలాగే వదిలేస్తే నారు ములిగిపోద్ది. రెండు పక్కలకీ వేరేవేరే సప్లై ఉన్న బఫర్ ఎట్టు."

అలాగే అన్నాను. కానీ స్టోరులో చేతికందిన ఒకే సప్లై బఫర్ పెట్టేశాను. బల్ల మీద బాగానే నడిచింది. భావనపాడు పడవల్లోకి వెళ్లాక 3.3 వోల్టుల తాళం సిగ్నల్ తట్టుకోలేక 1.8 వోల్టుల చిప్పులు ఒక్కొక్కటే పోయాయి. డిజైన్ బాధ్యత ఆవిడదని యజమాని మీటింగులో ఆవిడను నిలదీశాడు. ఆవిడ నా వైపు చూసింది. నేను టీ గ్లాసు వైపు చూశాను. ఆవిడ ఉద్యోగం పోయింది.

మొన్న బొబ్బిలిలో ఆవిడ పాఠం చెప్పే కాలేజీకి వెళ్లాను.

"ఏటిరా, ఇన్నాళ్లకి దారి దొరికిందేటి?" అని పిల్లల ముందే నవ్వింది.

సుద్దముక్క అడిగి తీసుకుని బోర్డు మీద అదే సర్క్యూట్ గీశాను. గట్టు దగ్గర నా వేలు ఆగింది.

"ఇక్కడ తప్పు బఫర్ పెట్టింది నేను. నింద మోసింది మీ మేడమ్," అని పిల్లలకు చెప్పి ఆవిడ వైపు తిరిగాను. "ఆ రోజు నోరు విప్పలేదక్కా. నన్ను క్షమించు."