కాపలా గదిలో తెలిసిన మాట

నా చిన్నప్పుడు మేం ఒమన్ దేశంలోని సలాలాలో ఒక ఒమానీ కుటుంబం ఇంటి వెనక గదిలో ఉండేవాళ్లం. మాది కడప వైపు. నాన్న ఆ ఇంటి డ్రైవరు, అమ్మ ఇంటి పని చేసేది. ఆ ఇంట్లో నా ఈడు పిల్ల ఒకతి మా అమ్మను "అమ్మా" అని పిలిచేది. పిలిచిన ప్రతిసారీ అమ్మ "ఏమ్మీ" అంటూ లేచి వెళ్లేది. ఆ పిల్ల బొమ్మల్నీ మేడగదినీ చూసి నాకెప్పుడూ కుళ్లు పుట్టలేదు. ఆ పిలుపు వింటే మాత్రం కడుపు మండేది.

ఒక శుక్రవారం వాళ్లు తమ పూర్వీకుల ఊరికి వెళ్తూ మమ్మల్నీ తీసుకెళ్లారు. సముద్రం ఒడ్డున పాత రాతి ఇళ్లు. చుట్టూ మెట్టల మీద, ఒకప్పుడు అక్కడ జరిగిన అంతర్యుద్ధకాలంలో కట్టిన కాంక్రీటు కాపలా గదులు. తుపాకీ పెట్టేందుకు గోడలో సన్నని సందు తప్ప వాటికి కిటికీలు లేవు. భోజనాలయ్యాక ఆ పిల్ల మా అమ్మ ఒళ్లో తల పెట్టి మళ్లీ "అమ్మా" అంది. నేను లేచి వెళ్లి దగ్గర్లోని ఒక కాపలా గదిలో దూరాను. అమ్మే వచ్చి వెతకాలని నా పంతం. సందులోంచి చూస్తే అమ్మ ఆ పిల్ల జుట్టు సరిచేస్తోంది.

వచ్చింది ఆ పిల్ల తాత. పడుచు వయసులో ఆయన అక్కడే కాపలా కాశాడట. నన్ను బయటికి లాగలేదు. గుమ్మం పక్కన చతికిలబడి, ఆ సందులోంచి చూస్తే కదిలిందల్లా శత్రువులాగే కనిపించేదని, ఒకసారి సొంత అన్న మీదే తుపాకీ ఎక్కుపెట్టానని వచ్చీరాని హిందీలో చెప్పి నవ్వాడు. తర్వాత నా బాధేమిటని అడిగాడు. చెబితే ఇంకా నవ్వాడు. వాళ్ల అరబ్బీలో "అమ్మ" అంటే మేనత్తట, పెద్ద ఆడవాళ్లను మర్యాదకు అలా పిలుస్తారట!

పరుగున వెళ్లి అమ్మ చెవిలో ఊదాను.

"అది పిల్చేది అమ్మా అని గాదు మా, అత్తా అని!"

"తెల్సులేమ్మీ. మీ నాయన ఎప్పుడో చెప్పినాడు."

"మరి అట్ల లేసి పోతావెందుకు?"

"నా చెవికి అత్తా అని ఇనపడదు గదా. నువ్వే పిల్చినట్టుంటాది. లేసినాక తెలుస్తాది, నువ్వు గాదని."

ఆ తర్వాత గమనించాను. ఆ పిల్ల పిలిచినప్పుడల్లా అమ్మ ముందు నా వైపు తిరిగేది, ఆ తర్వాతే అటు నడిచేది.

నా కుళ్లు పూర్తిగా పోయిందని చెప్పలేను. నాకు దక్కాల్సింది వేరొకరికి పోతోందనిపిస్తే ఇప్పటికీ ఒక మూలకు చేరతాను. అయితే నా వాళ్లెవరైనా వేరొకరి వైపు నడవబోతుంటే, ముందు వాళ్ల కళ్లు ఎటు తిరిగాయో చూస్తాను.