మూడు రోజులా, ముప్ఫై రోజులా

మొన్న మిట్టమధ్యాహ్నం ఎండబెట్టిన వడియాలు తీసుకొద్దామని చెప్పులు లేకుండా మేడ మీదికి వెళ్ళాను. నాలుగడుగులు వేసేసరికి అరికాళ్ళు చుర్రుమన్నాయి. వడియాల సంగతి దేవుడెరుగు, గెంతుకుంటూ వచ్చి మెట్ల నీడలో పడ్డాను. మా ఆయన నవ్వారు. నాకు మాత్రం సత్యానందం మాస్టారు గుర్తొచ్చి, కాళ్ళు మండుతున్నా అక్కడే కూర్చుండిపోయాను.

డెబ్బైల చివర అమలాపురంలో బి.ఏ. చదువుతున్నప్పుడు మాకు చరిత్ర చెప్పినవారాయన. మేము వెళ్ళే చర్చికే ఆయన కుటుంబమూ వచ్చేది. మధ్యయుగాల ఐరోపా గురించి గోదావరికి అవతలి గట్టున ఉన్న ఊరి గురించి చెప్పినట్టు చెప్పేవారు. ప్రార్థన చేసేవాళ్ళు, యుద్ధం చేసేవాళ్ళు, పొలం దున్నేవాళ్ళు అని ఆనాటి సమాజాన్ని బోర్డు మీద మూడు వరుసలుగా గీసి, మూడో వరుస దగ్గర సుద్దముక్క ఆపి, మా తాత ఇక్కడుండేవాడు అనేవారు. ఆయన ఐరోపా ఎప్పుడు వెళ్ళేరండి అని ఒక కుర్రాడు అడిగాడు. వెళ్ళే పనేముంది, కొత్తపేట చేలల్లోనే ఉండేవాడు అని చెప్పి, మేము నవ్వడం పూర్తయ్యేదాకా ఆగి పాఠం కొనసాగించారు.

పోపుకీ జర్మనీ రాజుకీ వచ్చిన గొడవ ఆయనకు మహా ఇష్టమైన పాఠం. బిషప్పుల్ని ఎవరు నియమించాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, పోపు రాజును చర్చి నుంచి వెలివేశాడు. సామంతులు జారిపోవడం మొదలుపెట్టారు. ఇక దారిలేక రాజు చలికాలంలో కొండలు దాటి, పోపు బస చేసిన కనోసా కోట ముందు మంచులో ఉత్త కాళ్ళతో మూడు రోజులు నిలబడ్డాడు. మాలో మంచు చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకని మాస్టారు చేపలకు వాడే ఐసు దిమ్మను ఊకలో, గోనెసంచిలో చుట్టించి రిక్షాలో తెచ్చారు. ఒక్కొక్కరినీ దాని మీద నిలబెట్టి అంకెలు లెక్కపెట్టించారు. నేను పదకొండుకు దిగిపోయాను. పందెం కాసిన మొనగాడు ఇరవై దాటలేదు. ఆ తర్వాత క్లాసు గది అంతా నీళ్ళే. ప్రిన్సిపాల్ గారు వచ్చి ఇదేమిటని అడిగితే, కనోసా కరిగిపోయిందండి అని వినయంగా చెప్పారు.

అయితే రాజు ఓడిపోయాడని మేము రాస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు. పశ్చాత్తాపపడుతూ గుమ్మంలో నిలబడినవాణ్ణి పొమ్మనడం ఏ ఫాదరుకీ కుదరదు, నిలబడి మరీ పోపును ఇరకాటంలో పెట్టాడు అనేవారు. అది ఎంత గొప్ప ఎత్తో చెబుతుంటే ఆయన కళ్ళు మెరిసేవి.

ఆ వేసవిలో ఒక ఆదివారం మా పాస్టరు అయ్యగారు మనిషి తనను తాను తగ్గించుకోవడం గురించి ప్రసంగిస్తూ ఈ కథే ఎత్తుకున్నారు. రాజు ముప్ఫై రోజులు మంచులో నిలబడ్డాడన్నారు. మాస్టారు వరుసలోంచి లేచారు.

"మూడు రోజులేనండి అయ్యగారు. ముప్ఫై అయితే చచ్చిపోయేవాడండి."

చర్చి అంతా గొల్లున నవ్వింది. అయ్యగారి మొహం కందిపోయింది. ప్రసంగం మధ్యలోనే ముగించి, పాట పాడించేశారు.

తర్వాతి ఆదివారం మాస్టారుని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన కూతురు రూతుకి నగరం అనే ఊరి సంబంధం కుదిరింది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. పెద్దలు అడగబోతే, చదవనని అయ్యగారు కాగితం వెనక్కి ఇచ్చేశారు. వచ్చే ఆదివారం చదవకపోతే ముహూర్తం తప్పుతుంది. బల్లకు దూరమైన ఇంటితో వియ్యమేమిటని మగపెళ్ళివారు అప్పటికే గొణుగుతున్నారు. రూతు మా ఇంటికి వచ్చి ఏడ్చింది.

బుధవారం పొద్దున్న పదింటికి మాస్టారు చెప్పులు గేటు బయట వదిలి అయ్యగారి ఇంటి ముందు ఇసుకలో నిలబడ్డారు. మంచు దొరకలేదు గనక రోహిణి ఎండతో సర్దుకున్నారు. ఆ ఇల్లు మా ఎదురిల్లే. నేను కిటికీ వదల్లేదు. సాయంత్రం నాలుగింటికి, సెలవులైనా కాలేజీ వదిలే వేళకే, వెళ్ళిపోయారు. అయ్యగారు కిటికీ తలుపులు మూసుకున్నారు. ఆయనా చర్చి చరిత్ర చదువుకున్నవారే, ఎత్తు తెలియకపోలేదు. రెండో రోజు పెరటి గుమ్మంలోంచి ప్రార్థన కూడికకు వెళ్ళొచ్చారు. ఊళ్ళోవాళ్ళు పని కల్పించుకుని ఆ వీధిన నడవసాగారు. గొడుగు పట్టబోయినవాళ్ళని మాస్టారు, రాజుకి గొడుగు లేదండి అని పంపేశారు.

మూడో రోజు ఆయన జోకులు వేయలేదు. మధ్యాహ్నం పాస్టరమ్మగారు, మాస్టారు లోపలికి వచ్చేదాకా మీకూ అన్నం పెట్టనని భర్తతో తెగేసి చెప్పారు. అయ్యగారు విసురుగా బయటికి వచ్చి, ఉత్త కాళ్ళతో ఇసుకలో అడుగుపెట్టి, ఠక్కున మెట్టు మీదికి గెంతారు. కాసేపు తన కాళ్ళు చూసుకున్నారు. తర్వాత మాస్టారి కాళ్ళు చూశారు.

"లోపలికి రండి మాస్టారూ. మూడు రోజులు చాలండి. ముప్ఫై అని పొరపాటున అన్నానండి."

"ముప్ఫై అయినా నిలబడేవాణ్ణేనండి," అంటూ మాస్టారు ఏడ్చేశారు.

ఆదివారం ప్రకటన చదివారు. పెళ్ళి పందిట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని భోంచేశారు. వడ్డిస్తూ నేను ఊరుకోలేక, మాస్టారి చెవి దగ్గర వంగి, మొత్తానికి పోపుని ఇరకాటంలో పెట్టేరండి అన్నాను. మాస్టారు నవ్వలేదు. చెయ్యి కడుక్కున్నాక పక్కకు పిలిచారు.

"మొదటిరోజు అందుకే వెళ్ళేనమ్మా. రెండోరోజు పిల్ల పెళ్ళి కోసం నిలబడ్డాను. మూడోరోజు, ఆ ఆదివారం చర్చిలో అంతమంది నవ్వుతుంటే అయ్యగారొక్కరూ బైబిలు పట్టుకుని నిలబడ్డం కళ్ళకి కట్టింది. రాజుగారికి మూడోరోజు ఏమైందో ఏ పుస్తకంలోనూ రాయలేదు."

నేనూ ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. నోటి దురుసు నాకూ ఉంది. పిల్లల్నీ తోటివాళ్ళనీ ఎందరినో నొప్పించాను. ఎవరి గుమ్మంలోకైనా తప్పయిందని చెప్పడానికి వెళ్ళేటప్పుడు, నాకిది ఎన్నో రోజు అని నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు మొదటిరోజే. అయినా వెళతాను. వెళ్ళి నిలబడితేనే కదా మూడోరోజు వచ్చేది.