గుహలోకైనా బొట్టు పెట్టి పిలవాలి

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు, నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న రోజులు. కానీ తన తెలివి మీద మనిషికి అంత గట్టి నమ్మకం ఉండే కాలం మళ్ళీ రాదు కాబట్టి పాతకాలమనే అంటాను. కనకాలపేటలో మా మేడమీది గదిలో ఆదివారం మధ్యాహ్నాలు అన్నయ్యా, వాడి స్నేహితులూ బల్ల చుట్టూ చేరి వీరులైపోయేవారు. ఒకడు కథ చెబుతాడు; మిగతావాళ్ళు అందులో తలో వేషం వేసుకుని ‘నేనిలా చేస్తాను’ అంటారు; అయిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ చెప్పేవాడి పేరు, కళ్ళద్దాల పుణ్యమా అని, సోడాబుడ్డి. (స్వీట్ల అట్టపెట్టె అడ్డంగా నిలబెట్టి దాని వెనక కథలో రహస్యాలు దాచేవాడు. గోదావరి గాలికి అది పడినప్పుడల్లా ఆ రహస్యాల్ని అందరూ కలిసి ఏరి ఇచ్చేవారు.)

ఆ బల్ల దగ్గరికి ఆడపిల్లను ఎవరూ రావద్దనలేదు, రమ్మననూ లేదు. ఒక ఆదివారం వాళ్ళలో ఒకడు దరియాలతిప్పలో రొయ్యల చెరువుల కాపలాకి వెళ్ళడంతో కుర్చీ ఖాళీ అయింది. ఈ ఒక్క ఆటా చూస్తామనీ, పనికొస్తే నన్నూ ఆటలో కలుపుకుంటామనీ, లేకపోతే మళ్ళీ ఆ ఊసెత్తకూడదనీ అన్నయ్య షరతు పెట్టాడు. నాకేమో గొడ్డలి వీరుడి వేషం కావాలి. ఇచ్చింది వైద్యురాలి వేషం.

“నువ్వు వెనకాలుండి కట్లు కట్టవే, చాలు,” అన్నాడు అన్నయ్య.

కథలో డ్రాగన్ గుహ వచ్చింది. లోపల అది గుడ్లు పొదుగుతోందని సోడాబుడ్డి చెప్పాడో లేదో, వీరులు ముగ్గురూ నా వంకైనా చూడకుండా కత్తులు దూసి దూకేశారు. వైద్యురాలు ఏం చేస్తుందని సోడాబుడ్డి అడిగాడు.

“గుమ్మం దగ్గరే ఉంటుంది. పిలవలేదు కదా.”

వాడు రూల్సన్నీ తిరగేశాడు. అలకకి విరుగుడు ఎక్కడా లేదు. ఈలోగా లోపల ఒకడికి జుట్టు కాలింది, ఒకడికి కాలు విరిగింది. “రావే, చచ్చిపోతున్నాను,” అన్నాడు అన్నయ్య. అదా పిలుపు అన్నాను. మా ఇళ్ళలో శుభకార్యానికి పిలవాలంటే ఆడమనిషి వచ్చి బొట్టు పెట్టి పిలవాలి. (డ్రాగన్‌ని చంపడం శుభకార్యమెలా అయిందని ఎవరూ అడగలేదు. ప్రాణభయం.) ఆ దండులో ఆడమనిషిని నేనొక్కదాన్నే, నన్ను నేను పిలుచుకోలేను. పైకి బింకంగా కూర్చున్నాను గానీ, నా పని అయిపోయిందనే అనుకున్నాను.

అంతలో అమ్మ బజ్జీలు పట్టుకుని పైకొచ్చింది. సంగతి విని, వాడికి మనుషుల్ని పిలవడం ఎప్పుడు తెలిసింది గనక అని అన్నయ్యనే తప్పుపట్టింది. సోడాబుడ్డికి ప్రాణం లేచొచ్చింది.

“పిన్నిగారండీ, గుహ పక్కింటావిడ మీరేననుకుని చెల్లెమ్మని పిలిచెయ్యండి. మనోళ్ళు పోయేలా ఉన్నారు.”

అమ్మ మంచం అంచున కూర్చుని, అసలు ఆ ఇంట్లో ఉండేదెవరని అడిగింది. చెప్పారు.

“అంటే పురిటింట్లోకి కత్తులట్టుకెళ్ళారా? సిగ్గులేదంట్రా?”

వీరులు ముగ్గురూ బజ్జీల వైపు చూశారు. అమ్మ వాళ్ళ చేత కత్తులు బయట పెట్టించి, నా నుదుట ఉత్తుత్తి బొట్టు పెట్టి, నన్ను వెంటబెట్టుకుని లోపలికెళ్ళింది. డ్రాగన్ మమ్మల్ని రానిస్తుందో లేదో అని పాచిక వేస్తే, అంతవరకూ ఎవరికీ పడని ఇరవై పడింది. అమ్మ చెప్పినట్టు ముందు బాలింతకి కట్టు కట్టి, తర్వాతే వీరుల సంగతి చూశాను. గుహలో నిధి గురించి అడిగినవాడి చేతిలోంచి అమ్మ బజ్జీ వెనక్కి తీసుకుంది.

మరుసటి ఆదివారం అన్నయ్య మెట్ల మీంచి అమ్మని ఒక్కదాన్నే ఆటకి పిలిచాడు. “అది లేకపోతే నాకు రూల్సెవరు చెప్తార్రా?” అంది అమ్మ. అలా నేను నా ప్రతిభతో కాక, అమ్మ వెంట వచ్చినదాన్నిగా ఆ బల్ల దగ్గర స్థిరపడ్డాను. ఇప్పుడు ఆ గదిలో కథ చెప్పేది నేనే, చుట్టూ ఎక్కువమంది ఆడపిల్లలే. ఎవరైనా కొత్త పిల్ల వచ్చి తలుపు దగ్గర ఆగితే, గుహ ముందు అంత గంభీరంగా అలిగిన ఆ డిగ్రీ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ రోజు అమ్మ రావడం ఇంకాస్త ఆలస్యమై ఉంటే, పిలుపూ లేదు, బొట్టూ లేదు, ఆ పిల్లే లోపలికి పరిగెత్తేది.